క్రిస్టల్ పీకినా ఆగని పెట్టె

మా ఇంజనీరు ఆ యాంప్లిఫయర్‌కి అన్నిటికంటే ముందు చేయించింది నేమ్ ప్లేటు. ఇత్తడి రేకు మీద కంపెనీ పేరు, దాని కింద తన పేరు, పక్కన రెండు డిగ్రీలు. అన్నీ ఇంగ్లీషులో చెక్కించి, మరలు బిగించడానికి నాలుగు మూలలా కన్నాలు కూడా పెట్టించాడు. అప్పటికి సర్క్యూట్ కాగితం మీదైనా పూర్తికాలేదు. ఏ వాల్వు వాడాలో తేలలేదు. పెట్టె ఎంత పొడుగుండాలో ఎవరికీ తెలియదు. నేమ్ ప్లేటు మాత్రం నా బల్ల మీద తళతళలాడుతూ పడి ఉండేది.

"దీనికి సరిపోయేలా ముందు పానెల్ కత్తిరించవయ్యా" అన్నాడు నాతో.

కత్తిరించాను. ఆ మనిషి మీద నాకున్న గౌరవం ఆ రేకు ముక్కలతో పాటే చెత్తబుట్టలో పడింది.

అరవైల నడుమ సంగతి ఇది. నేను భిలాయి పక్కన సుపేలాలో ఒక ప్రైవేటు కంట్రాక్టరు సేఠ్ దగ్గర వైర్‌లెస్ మెకానిక్‌గా ఉండేవాణ్ణి. అంతకుముందు ఆరేళ్లు సైన్యంలో వైర్‌లెస్ సెట్లు విప్పి బిగించి, బయటికొచ్చాక విజయనగరంలో పని దొరక్క భిలాయిలో ఉన్న అక్క దగ్గరికి చేరాను. బావ స్టీల్ ప్లాంటులో రోలింగ్ మిల్లు మనిషి. సెక్టర్ 6లో క్వార్టరు. రెండు గదుల్లో అక్కా బావా ఇద్దరు ఆడపిల్లలూ, ముందు వరండాలో మడతమంచం మీద నేనూ. మేనకోడళ్లు నాతో సగం తెలుగులో మొదలుపెట్టి సగం హిందీలో పోట్లాడేవాళ్లు. బావ షిఫ్టుకి సైకిలెక్కితే, వెనకాలే నేను నా సైకిలెక్కేవాణ్ణి. ఆయన ప్లాంటు గేటు వైపు, నేను సుపేలా వైపు.

"ఏట్రా, ఆ సేఠ్ దగ్గర ఎన్నాళ్లుంటావు? మీ బావతో సెప్పించుకుని ప్లాంటులో ఏదోటి సూసుకోరాదేటి?" అని అక్క వారానికోసారైనా అనేది.

నేను వినేవాణ్ణి కాదు. వైర్‌లెస్ తెలిసినవాడు భిలాయి మొత్తానికి నేనొక్కణ్ణేనని అప్పట్లో నాకు గట్టి నమ్మకం. ఇప్పుడు తలుచుకుంటే ఆ ఇంజనీరు డిగ్రీల రేకుకీ, నా నెత్తిన నేను మోసుకు తిరిగిన ఈ రేకుకీ పెద్ద తేడా కనిపించదు.

మా సేఠ్‌కి నందిని అనే ఊరు దాటాక ఒక సున్నపురాయి క్వారీ ఉండేది. అక్కడ పేల్చిన రాయి లారీల్లో భిలాయి దగ్గరున్న రైల్వే సైడింగ్‌కి వచ్చి వ్యాగన్లకెక్కేది. రెంటి మధ్యా ఇరవై కిలోమీటర్ల పైనే. స్తంభాల మీద టెలిఫోను తీగ వేయించాడు గానీ, అందులో రాగి ఉందని తెలిసిన మరునాటి నుంచీ అది మాయమవడం మొదలైంది. ఎప్పుడు పేలుస్తున్నారో, ఎన్ని లారీలు బయల్దేరాయో, ఏ లారీ దారిలో కూలబడిందో చెప్పాలంటే ఒక మనిషి జీపులో పరిగెత్తాలి. అందుకని సేఠ్ సైన్యం పాతసామానులో వేలం వేసిన రెండు చిన్న వైర్‌లెస్ సెట్లు తెచ్చి, ఒకటి క్వారీలో, ఒకటి సైడింగ్‌లో పెట్టించాడు. అవి పనిచేసేవి. కాకపోతే అవతలి మాట నూతిలోంచి వచ్చినట్టు, మధ్యలో ఎవరో కంకర గుమ్మరిస్తున్నట్టు వినపడేది.

ఎందుకలా వినపడుతోందో నాకు మొదటి రోజే తెలుసు. సైడింగ్ ఆఫీసులో ఏరియల్ తీగని రేకుల కప్పుకి అంటించి కట్టారు. వచ్చే తరంగంలో సగం ఆ రేకులే తినేస్తున్నాయి. మిగిలింది రిసీవర్లో మొదటి వాల్వు దగ్గరికి చేరుతుంది. ఆ సన్నటి తరంగాన్ని పట్టుకుని పెంచాల్సిందే ఆ వాల్వు. అది ముసలిదై గురకపెడుతోంది. మొదటివాడే గురకపెడుతుంటే వెనకాల ఎంత పెంచినా గురకే పెరుగుతుంది. ఏరియల్ పైకెత్తి, ఆ వాల్వున్న మొదటి స్టేజీ మార్చి కడితే రెండు రోజుల పని.

సరిగ్గా అప్పుడు సేఠ్ ఈ ఇంజనీరుని తెచ్చాడు. మద్రాసులో చదివి, విదేశంలో ఆరు నెలల శిక్షణ పొంది వచ్చిన మనిషి. తెలుగువాడే. ఎండాకాలంలో కూడా టై కట్టేవాడు. ఆ ఆరు నెలల్నీ మాటమాటకీ బయటికి తీసేవాడు. టీ బాగోకపోయినా అక్కడ టీ ఎలా ఉంటుందో చెప్పేవాడు. నేను చెప్పింది ఓపిగ్గా విని, చివర నవ్వాడు.

"అవతలివాడికి వినపడకపోతే ఏం చేస్తామయ్యా? గట్టిగా అరుస్తాం. అంతేగానీ వాడి చెవులు కడుగుతామా? పవర్ పెంచాలి. పవర్ యాంప్లిఫయర్ నేను డిజైన్ చేస్తాను."

అతని డిజైన్ అంటే ఏమిటో చెబుతాను. ఒక విదేశీ పుస్తకంలో యాంప్లిఫయర్ సర్క్యూట్ ఒకటుంది. దాన్ని ట్రేసింగ్ కాగితం మీదికెత్తి, మూలలో తన పొడి అక్షరాలు వేశాడు. పుస్తకంలో రాసిన వాల్వు మన దేశంలో దొరకదు. 807 అనే వాల్వు పాతసామాను బజారులో బోలెడు దొరికేది. అందుకని ఆ అంకె కొట్టేసి 807 అని రాశాడు. మిగతాదేదీ మార్చలేదు. వాల్వు మారితే దాని చుట్టూ కాయిల్సూ రెసిస్టర్లూ మారాలని అతనికి తోచనే లేదు.

807 మంచి వాల్వే. కానీ చాలా చురుకైనది. దాని దగ్గర తీగలు పొడుగ్గా ఉన్నా, లోపలికొచ్చే వైపుకీ బయటికెళ్లే వైపుకీ మధ్య అడ్డు లేకపోయినా, బయటి తరంగం కాస్త వెనక్కి కారి మళ్లీ లోపలికి దూరుతుంది. దాన్ని మళ్లీ పెంచుతుంది, మళ్లీ కారుతుంది. కాసేపటికి ఎవరి మాటా అక్కర్లేకుండా తనంతట తనే మోత పెడుతుంది. అప్పుడది యాంప్లిఫయర్ కాదు, పూనకం వచ్చిన మనిషి. ఇది జరక్కుండా ఉండడానికి తీగలు పొట్టిగా ఉంచాలి, మధ్యలో రేకు అడ్డం పెట్టాలి, వాల్వు లోపలి ప్లేటుకెళ్లే తీగలో చిన్న రెసిస్టర్ వెయ్యాలి. సైన్యంలో మాకు ఇవన్నీ నేర్పినవాడు పదో తరగతి కూడా దాటని హవల్దారు.

మా ఇంజనీరుకి ఇవేవీ పట్టలేదు. అతనికి కావలసింది ముందునుంచి చూస్తే వాల్వులన్నీ ఫొటోకి నిలబడ్డట్టు ఒక్క వరసలో కనబడడం. అలా నిలబెట్టాలంటే లోపల తీగలు జానెడు జానెడు పొడుగున పక్కపక్కనే పరుగెత్తాలి. రెండు కాయిల్సూ ఎదురెదురుగా కూర్చున్నాయి. మధ్యలో రేకు అడ్డం పెడదామన్నాను.

"లోపల వాల్వు వెలుగు కనబడదు కదా" అన్నాడు.

తీగలైనా పొట్టి చేద్దామన్నాను.

"నువ్వు సోల్డరింగ్ సంగతి చూడవయ్యా. డిజైన్ సంగతి నేను చూసుకుంటాను" అన్నాడు.

మూడు వారాలకి పెట్టె తయారైంది. మొదటిసారి స్విచ్ వేసిన రోజు మీటరు సూది ఒక్క దూకులో కుడివైపు కొసకి వెళ్లి కూర్చుంది. ఇంజనీరు చేతులు రుద్దుకున్నాడు. నాకు అనుమానం వచ్చింది. సెట్టులో తరంగానికి శ్రుతి పెట్టేది క్రిస్టల్ అనే చిన్న పలుకు. దాన్ని పీకేస్తే ముందు స్టేజీ మూగబోతుంది, వెనకాల పెంచడానికి ఏమీ మిగలదు, సూది సున్నాకి పడిపోవాలి. పడకపోతే ఆ పెట్టె తనంతట తనే కేకలేస్తున్నట్టు లెక్క. నేను క్రిస్టల్ పీకి అరచేతిలో పెట్టుకుని అతనికి చూపించాను. సూది కదల్లేదు.

"చూశారా సార్" అన్నాను.

అతను సూదినీ నా అరచేతినీ మార్చి మార్చి చూశాడు. మొహం వెలిగిపోయింది.

"అద్భుతం! క్రిస్టల్ లేకుండా కూడా ఇంత పవర్ ఇస్తోంది!"

రెండు డిగ్రీలూ ఆరు నెలల విదేశమూ కలిసి ఒక మనిషిని ఇంతదాకా తీసుకొచ్చాయంటే, ఇక నేను చెప్పేదేముంది? సార్, అది పవర్ కాదు, రోగం అనాల్సింది. ఆ పెట్టె ఏ తరంగం మీద అరుస్తుందో దానికే తెలియదు, సైడింగ్‌లో ఒక్క ముక్క వినపడదు అని గట్టిగా చెప్పాల్సింది. సేఠ్ దగ్గరికి పోయి చెప్పాల్సింది. చెప్పలేదు. పదిమంది ముందు ఈ పెట్టె పరువు తీస్తే చూడాలని లోపల ఒక కోరిక పుట్టింది. అది చాలా తియ్యగా ఉండింది. క్రిస్టల్‌ని మళ్లీ దాని స్థానంలో గుచ్చి, "బాగుంది సార్" అన్నాను.

సేఠ్ ఒక మంచి రోజు చూశాడు. క్వారీలో షామియానా, కుర్చీలు, కొబ్బరికాయ, పళ్లెం నిండా లడ్డూలు. సేఠ్ పిలిచిన పెద్దమనుషులు పదింటికి వస్తారు. కార్యక్రమం మొత్తం ఇంజనీరే రాశాడు. తను మైకు తీసుకుని సైడింగ్‌కి పేల్చివేత గురించి కబురు చెబుతాడు. ఆ వెంటనే మందు పేల్చే మనిషి, అంటే బ్లాస్టర్, మీట తిప్పుతాడు. రాతిలో తొలిచిన పద్దెనిమిది కన్నాల్లో మందు ఒకేసారి పేలి కొండ పక్క కూలుతుంది. పెద్దమనుషులు చప్పట్లు కొడతారు.

ఆ బ్లాస్టర్‌ది శ్రీకాకుళం వైపు. యాభై ఐదు దాటిన మనిషి. చిన్నప్పటి నుంచీ గరివిడి మాంగనీసు గనుల్లో పనిచేసి ఇటొచ్చాడు. మందు పేల్చే పెట్టెకి ఒక మీట ఉంటుంది. అది లేకుండా ఆ పెట్టె ఎవరి చేతిలోనూ పనిచెయ్యదు. ఆ మీటని ఆయన మొలతాడుకి కట్టుకు తిరిగేవాడు. కింద మనుషులుండగా పైన ఎవడూ పొరపాటున తిప్పకుండా. పేల్చే తీగ మొదలయ్యేది గట్టు మీదున్న ఆయన గది నుంచే. అక్కణ్ణుంచి కిందికి దిగి, రాతి గోడ పొడుగునా పోయి కన్నాల్లో ఉన్న కేపులకి కలుస్తుంది. కేపు అంటే చిటికెన వేలంత రాగి గొట్టం, ఇంగ్లీషులో డిటొనేటర్. కరెంటు తగిలితే అది పేలి, దాంతో కన్నంలో మందు పేలుతుంది.

మా ఇంజనీరు యాంప్లిఫయర్ పెట్టడానికి ఎంచుకున్నది ఆ గదినే. క్వారీ మొత్తానికి ఎత్తైన చోటు అదే, షామియానా నుంచి బాగా కనబడేదీ అదే. గది పక్కనే వెదురు గడ పాతి ఏరియల్ కట్టించాడు. పేల్చే తీగ సరిగ్గా దాని కిందుగా పోతోంది. నేను కట్టాను. నా చేతుల్తోనే కట్టాను. ఆ తీగ మీద కాలు పెట్టి నిలబడి మరీ కట్టాను.

పొద్దున్న ఇంజనీరు లోపల కూర్చుని పెట్టె సరిచేస్తున్నాడు. నేను బయట ఏరియల్ దగ్గర నిలబడ్డాను. చేతిలో నా పరీక్ష బల్బు. ఒక చుట్ట రాగితీగ, దాని రెండు కొసలకీ టార్చి బల్బు, అంతే. ఏరియల్ దగ్గర పట్టుకుంటే తరంగం ఉన్నప్పుడు వెలుగుతుంది. వెలుగుతోంది. చాలా వెలుగుతోంది. ఇంజనీరు "ఎలా ఉందయ్యా?" అని అరిస్తే, "బ్రహ్మాండం సార్" అని అరుస్తున్నాను.

బ్లాస్టర్ గోడకానుకుని గొంతుకూర్చుని పొగాకు పొడి నలుపుకుంటున్నాడు. కేపుల పెట్టె గది వెనకాల రాళ్ల చాటున, ఆయనకి అందేంత దూరంలో ఉంది. కాసేపు నా చేతి వైపే చూసి లేచొచ్చాడు.

"బాబూ, ఆ బల్బుకి బేటరీ ఏదీ?"

"బ్యాటరీ ఎందుకు బాబాయ్? గాల్లోంచే వస్తుంది కరెంటు" అన్నాను. గాలినీ కరెంటునీ నేనే కనిపెట్టినట్టు.

ఆయన ఆ తీగచుట్టని వేలితో తడిమి చూశాడు. "ఇది ఒట్టి తీగే కదేటి?"

"ఒట్టి తీగే."

"తీగా, బల్బూ. ఇంకేటీ నేదు."

"ఇంకేమీ లేదు."

చేతిలో పొడి కింద పారబోసి, అరచేయి పంచెకి తుడుచుకున్నాడు.

"నా కేపులో ఉన్నదీ అదే కదా నాయనా. ఓ తీగ, దాని సివర నీ బల్బులోదిలాగే సన్న తీగ. అది ఎర్రగా కాలితే మందు అంటుకుంటాది. నా తీగ నీ తీగకంటే శానా పొడుగు. ఈ గడ కిందనించే పోతాంది. మరి దానికీ గాల్లోంచి వత్తాది కదేటి?"

నా చేతిలో బల్బు వెలుగుతూనే ఉంది. సైన్యంలో మా వైర్‌లెస్ బండి తలుపు మీద ఎర్ర అక్షరాల్తో ఒక హెచ్చరిక ఉండేది. మందుగుండు దగ్గర ఈ సెట్టులో మాట్లాడకూడదని. ఆరేళ్లు రోజూ ఆ తలుపు తీశాను, వేశాను. ఒక్కనాడు దాని గురించి ఆలోచించలేదు. ఇప్పుడు చదువురాని మనిషి నా చేతిలో బల్బు చూసి, నాలుగు ప్రశ్నల్లో అక్కడికి చేరాడు.

"బాబాయ్, కేపులు కన్నాల్లో పెట్టేశారా?"

"ఇంకా నేదు. పెట్టె ఇప్పబోతున్నాను."

ఆయన గట్టు అంచుకి పోయి కింద ఉన్న కూలీలందరినీ పైకి రమ్మని కేకేశాడు. కేపుల పెట్టె దూరంగా రోడ్డు పక్కకి మోయించి, దాని మీద తనే కూర్చున్నాడు.

నేను లోపలికి వెళ్లి ఇంజనీరుతో పెట్టె ఆపమన్నాను. ఎందుకో చెప్పాను. కిటికీలోంచి పెద్దమనుషుల జీపు కనబడుతోంది. అతను టై సవరించుకుంటున్నాడు.

"ఏం మాట్లాడుతున్నావయ్యా? నేను హలో అంటే డిటొనేటర్‌కి వినపడుతుందా? ఎవరు చెప్పారు నీకు, ఆ ముసలాడా? ఏం చదివాడతను?"

కేపుల పెట్టె దగ్గర ఒకణ్ణి కాపలా పెట్టి బ్లాస్టర్ గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"సదూకోనేదు బాబూ. అందుకే సూసి తెల్సుకుంటాను. ఒక్కటంటే ఒక్క కేపు కింద రాళ్ల కింద ఎడతాను. తీగ ఇక్కడిదాకా లాగి, దేనికీ కలపకుండా ఒగ్గేత్తాను. తమరు మాటాడండి. ఏటీ అవ్వకపోతే పద్దెనిమిదీ నానే దగ్గరుండి కడతాను."

ఈలోపు సేఠ్ వచ్చి "క్యా బాత్ హై?" అన్నాడు. ఇంజనీరుకి ఇందులో ఒక అవకాశం కనబడింది. కూలీల మూఢనమ్మకం పోగొట్టడానికి ముందు ఒక చిన్న ప్రదర్శన చేస్తానని పెద్దమనుషులకి హిందీలో ప్రకటించాడు. విజ్ఞానం గురించి రెండు ముక్కలు కూడా కలిపాడు. పెద్దమనుషులు మెచ్చుకోలుగా తలలూపారు. మూఢనమ్మకమట! అక్కడున్నవాళ్లందరిలో కళ్లతో చూసి, చేత్తో తడిమి, ప్రశ్న వేసి తెలుసుకున్నవాడు ఆ ముసలాయన ఒక్కడే.

బ్లాస్టర్ కూలీల్ని రోడ్డు దాకా పంపాడు. పెట్టె ఆపి ఉన్నప్పుడే కిందికి దిగి, ఒక కేపుని రాళ్ల కింద పెట్టి, తీగ కలిపి పైకొచ్చాడు. పేల్చే పెట్టె ఒక మూల ఉంది. దాని మీట తన మొలతాడుకే ఉందని పంచె కాస్త తప్పించి అందరికీ చూపించాడు. పైన తీగ కొసలు రెండూ విడదీసి, దేనికీ తగలకుండా ఎండుగడ్డి మీద పడేశాడు. "ఇక మాటాడండి బాబూ" అన్నాడు.

ఇంజనీరు మైకు తీసుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. స్విచ్ నొక్కి ఇంగ్లీషులో మొదలెట్టాడు. "హలో, హలో, దిస్ ఈజ్..."

తన పేరు చెప్పుకునే వ్యవధి దొరకలేదు. కిందనుంచి టప్‌మని పేలింది. రాళ్లు మోకాలెత్తు లేచి పడ్డాయి. నీలంగా సన్నటి పొగ.

షామియానాలో ఒకాయన లడ్డూ సగం నోట్లో పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. సేఠ్ "క్యా హువా? క్యా హువా?" అంటున్నాడు. రోడ్డు మీద కూలీలు గుంపుగా నిలబడి కింద పొగ వైపు చూస్తున్నారు. కేపులు కన్నాల్లో పెట్టే వేళకి తమలో ఎవరు ఎక్కడ వంగి నిలబడి ఉండేవారో వాళ్లకి తెలుసు. నాకూ తెలుసు.

ఇంజనీరు ముందుగా తేరుకున్నాడు. కేపు నాసిరకం అన్నాడు. పాత సరుకు అన్నాడు. ఎండకి పేలింది అన్నాడు. కాకతాళీయం అనే మాట ఇంగ్లీషులో మూడుసార్లు అన్నాడు. సేఠ్ నమ్మడానికి సిద్ధంగానే ఉన్నాడు, పాపం, ఆయనకి కావలసింది చప్పట్లు. బ్లాస్టర్ ఎవరితోనూ వాదించలేదు. స్విచ్ ఆపించి, పెట్టెలోంచి ఇంకో కేపు తీసుకుని కిందికి దిగాడు. అదే చోట రాళ్ల కింద పెట్టాడు, తీగ కలిపాడు, పైకెక్కొచ్చాడు. కొంచెం రొప్పుతున్నాడు.

"ఇంకోపాలి మాటాడండి బాబూ" అన్నాడు.

అందులో ఎగతాళి లేదు. నిజంగానే అడిగాడు. ఇంజనీరు చేతిలో మైకుంది, బొటనవేలు స్విచ్ మీదుంది. అందరం ఆ వేలి వైపే చూస్తున్నాం. వేలు అలాగే ఉంది. నుదుటి మీద చెమట బొట్టు ఒకటి జారి ముక్కు పక్కనుంచి టై మీద పడింది. అరనిమిషం గడిచుంటుంది. అతను మైకుని మెల్లిగా కొక్కేనికి తగిలించాడు.

"సెట్ వేడెక్కింది. చల్లారాలి" అన్నాడు.

పెద్దమనుషులు లడ్డూలు తిని వెళ్లిపోయారు. ఆ రోజు ఏ కొండా కూలలేదు.

కూలీలు నా చుట్టూ మూగారు. మెకానిక్ బాబు బల్బు చూపించబట్టి బతికామని బ్లాస్టర్ వాళ్లకి చెప్పాడట. ఒకతను నా రెండు చేతులూ పట్టుకుని ఛత్తీస్‌గఢీలో ఏదో అన్నాడు. నేను తల వంచుకుని నిలబడ్డాను. వాళ్లు దాన్ని వినయం అనుకున్నారు.

సాయంత్రం ఇంటికెళ్లి అక్కకి జరిగింది జరిగినట్టు చెప్పాను, ఆ ఇంజనీరుని ఎలా ఆడిపోసుకోవాలో అలా ఆడిపోసుకుంటూ. అక్క గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్లేరుతోంది. క్రిస్టల్ పీకిన సంగతి దగ్గర చెయ్యి ఆపింది.

"అయితే ఆ పెట్టె బాగోలేదని నీకు ముందే తెల్సా?"

"తెలుసు."

"మరి సెప్పలేదేట్రా?"

"చెబితే వింటాడా? పదిమందిలో పరువు పోతే గానీ..."

"ఆడు తెలీక సేసినాడు. నువ్వు తెల్సి నోరు మూసుకున్నావు. ఆడినేటి తిడతావురా నువ్వు?"

అని చేట తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ ఇంజనీరు గురించి నేను చేసిన వర్ణనలన్నీ గుమ్మంలో మిగిలిపోయాయి.

ఇంజనీరు మర్నాటి నుంచి రెండు వారాలు సెలవు పెట్టాడు. సేఠ్‌కి వైర్‌లెస్ కావాలి. ఏం చేస్తావో చెయ్యమన్నాడు. నేను ఆ పవర్ యాంప్లిఫయర్ ఊడదీశాను. పాత చిన్న సెట్టునే క్వారీకి అరమైలు ఇవతల, లారీలు రాసుకునే గుమాస్తా పాకలోకి మార్చాను. సైడింగ్‌లో ఏరియల్‌ని రేకుల మీంచి తీసి రెండు వెదురు గడల మీద ఎత్తి కట్టాను. రిసీవర్‌లో మొదటి స్టేజీ మొత్తం పీకి, గురక తక్కువున్న వాల్వుతో కొత్తగా కట్టాను. పొట్టి తీగలు, మధ్యలో రేకు అడ్డం. చూడ్డానికి చెత్తబుట్టలా ఉంది. స్విచ్ వెయ్యగానే ఇరవై కిలోమీటర్ల అవతలి గుమాస్తా దగ్గు పక్కగదిలో దగ్గినంత స్పష్టంగా వినపడింది. ఎవరూ అరవాల్సిన పని లేకపోయింది.

అంత దూరం జరిపినా బ్లాస్టర్ ఒప్పుకోలేదు. కేపుల పెట్టె తెరిచినప్పటి నుంచీ పేల్చడం అయ్యేదాకా గుమాస్తా మైకు ఊడదీసి ఆయన చేతికివ్వాలి. సేఠ్ గొణిగాడు, గుమాస్తా గొణిగాడు. ఆయన వినలేదు. నేను మటుకు గొణగలేదు.

సెలవు నుంచి వచ్చిన ఇంజనీరు టైపు చేయించిన నివేదిక ఒకటి సేఠ్‌కిచ్చాడు. క్షేత్రస్థాయి పరీక్షల అనంతరం, భద్రతను దృష్టిలో ఉంచుకుని, తానే పవర్‌ని తగిన మేరకు తగ్గించి, రిసీవర్‌ని మెరుగుపరిచే పద్ధతిని రూపొందించినట్టు అందులో ఉంది. బ్లాస్టర్ లేడు. నేనూ లేను. ఆఖరి పేజీలో మాత్రం డిటొనేటర్ల నాణ్యత మీద ఒక పేరా ఉంది. ఏడాది తిరక్కుండా ఆ నివేదిక చూపించి బొంబాయిలో పెద్ద ఉద్యోగం సంపాదించాడు. వీడ్కోలు సభలో సేఠ్ శాలువా కప్పాడు. అనుభవం ముందు పుస్తకాల చదువు ఎందుకూ పనికిరాదని ఇంజనీరు చాలా సేపు మాట్లాడాడు. నేను చప్పట్లు కొట్టాను. అప్పటికి నాకు అందులో కాస్త అభ్యాసం అయింది.

ఆ తర్వాతి వేసవిలో బ్లాస్టర్‌కి ఒరిస్సా వైపు గనుల్లో పని కుదిరింది. వెళ్లే ముందు ఒక ఆదివారం మా ఇంటికి భోజనానికి పిలిచాను. అక్క గుమ్మడికాయ పులుసు పెట్టింది. మనవైపు చేతి వంట తిని ఎన్నేళ్లయిందోనని ఆయన మురిసిపోయి, తింటున్నంత సేపూ ఆ రోజు సంగతే చెప్పాడు. నా బల్బు గురించి, నేను లోపలికెళ్లి ఇంజనీరుకి ఎదురు నిలబడి చెప్పడం గురించి. మేనకోడళ్లు నోరు తెరుచుకుని విన్నారు. బావ నా వీపు తట్టాడు. అక్క పులుసు వడ్డిస్తూ నా మొహంలోకి ఒకసారి చూసి, గరిటె పట్టుకుని వంటింట్లోకి పోయింది.

బస్సు దాకా దిగబెట్టడానికి నేను సైకిలు నడిపించుకుంటూ ఆయనతో నడిచాను. మిట్టమధ్యాహ్నం. సెక్టర్ రోడ్ల మీద మనిషి లేడు. సగం దూరం వెళ్లాక ఆగి చెప్పేశాను. పెట్టె పాడుదని నాకు ముందే తెలుసని, ఇంజనీరు పరువు పోవాలని ఊరుకున్నానని, కేపుల సంగతి నీ నోటంట వినేదాకా నా బుర్రకి తట్టనే లేదని.

ఆయన ఆశ్చర్యపోలేదు.

"తెల్సు నాయనా. ఆ రోజు నీ మొకం సూసినాను కదా."

"మరి అందరికీ అలా చెబుతావేం బాబాయ్?"

"ఏటి సెప్పమంటావు? నానడిగినానని సెప్తే, మెకానిక్కి తెల్సీ ఊరుకున్నాడని ఆ ఇంజనీరు బాబు నీమీదికి తోసెయ్యడేటి? ఆడికి కాయితం రాయడం వచ్చు. నీకు రాదు, నాకసలే రాదు." సంచి ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు. "ఐనా నువ్వు ఆపమన్నావు కదా. ఆలస్యంగానైనా."

బస్సు వచ్చేదాకా మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఒరిస్సాలో నీళ్లు ఎలా ఉంటాయో, అక్కడ మనవాళ్లెవరైనా ఉంటారో లేదో అడిగాడు. నాకు తెలియదన్నాను.